ఇంటిలో వెండితెర

గృహమునకు వచ్చు వస్తువులలో కొన్ని యొకరికొఱకు వచ్చును. కొన్ని యందఱికొఱకు వచ్చును. గ్రైండరునో, కుట్టుమిషనునో కొనునపుడు దాని నెవరు వాడుదురో వారినే యడిగి కొందుము. కాని వినోదమునకై కొను యంత్రముల విషయమున నీ మర్యాద సాధారణముగా పాటింపబడుట లేదు. రేడియో మొదలు కంప్యూటరు వఱకు, పురుషులు దుకాణమునకు పోయి తెచ్చుటయు, మనము దుమ్ము తుడుచుటయు నలవాటైనది. ఈ మధ్య మా యింట ప్రొజెక్టరు కొనవలసి వచ్చినపుడు మే మిద్దఱు తోడికోడండ్రమును ఈ యలవాటును ప్రక్కకు బెట్టి, ఏ యంత్రము, ఏ గది, ఏ గోడ, ఎంత సొమ్ము అను విషయముల నన్నిటిని మేమే విచారించితిమి. ఆ విచారమువలన తెలిసినది సోదరీమణులకు నుపయోగపడునని యిట వ్రాయుచున్నాము.

ప్రొజెక్టరు మనకు క్రొత్త వస్తువు కాదు. వెనుక ఆముదపు దీపము, నడుమ బొమ్మ, ముందు తెల్లని గుడ్డ: ఈ మూటితో మన పల్లెలలో తోలుబొమ్మలాట లెన్నియో తరములనుండి సాగినవి. మచిలీపట్నమువారైన రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోనను యంత్రమును తెప్పించి, చిన్న చిన్న చిత్రములను ఊరూర చూపిరి. పిదప డేరా హాళ్లు, టూరింగు టాకీసులు వచ్చినవి. ఒకప్పుడు బండి కెత్తి తీసికొనిపోవలసిన యంత్రము నేడు టిఫిను గిన్నెయంతై మన బల్లపై కూర్చున్నది. చిన్నదైనను ధర్మ మదియే: వెలుగును బొమ్మగా మలచి తెరపై పఱచుట.

మా యింట నిది ముచ్చట కాదు, అక్కఱ. మా యత్తగారికి డెబ్బదియాఱేండ్లు. సినిమా యన్న నామెకు ప్రాణము. మోకాళ్ల నొప్పులవలన ఏడెనిమిదేండ్లుగా హాలు మెట్లెక్కలేదు. రెండు కండ్లకును శుక్లములు తీసినపిదప దూరపు చూపు కొంత కుదిరినను, మా 32 అంగుళముల టెలివిజనులో ముఖములు పోల్చుకొనలేక, ‘ఎవరే ఆ వచ్చినది?’ అని మాటిమాటికి అడుగుచుండెడిది. రానురాను అడుగుటయు మానెను. పిల్లలు తలకొక ఫోను పట్టుకొని తలకొక మూల చేరగా, ఆమె గోడగడియారమును చూచుచు సాయంకాలములు గడపుచుండెను. ఆమె మమ్మేమియు కోరలేదు. కోరకపోవుటయే మాకు బాధయైనది. వంటింట చెక్క అలమరలు చేయించుటకై మే మిద్దఱము రెండేండ్లుగా కూడబెట్టిన డెబ్బదియైదు వేల రూపాయలు మావద్ద నుండెను. అలమరలు మఱి రెండేండ్లాగగలవు. అత్తగారి కన్నులు, కాళ్లు ఆగునో ఆగవో యెవరు చెప్పగలరు?

మా యింటి పురుషులు, ‘ఆ సొమ్ముతో పెద్ద టెలివిజను వచ్చునుగదా’ అనిరి. అది త్రోసివేయదగిన మాట కాదు. టెలివిజను పట్టపగలు, కిటికీలు తెఱచియున్నను చక్కగా కనబడును. మీట నొక్కినంతనే వెలుగును. పగలెల్ల వార్తలును సీరియళ్లును నడచు నింటికి టెలివిజనే తగినది. ప్రొజెక్టరు దానికి మాఱుగాదు. కాని యొక లెక్క చూడుడు. తెరల కొలతను మూలనుండి మూలకు చెప్పుదురు. 55 అంగుళముల టెలివిజనుకంటె 100 అంగుళముల తెర వైశాల్యమున మూడింతలకు పైబడి యుండును. అంత టెలివిజను వెల మా చేతికందునది కాదు. కావున పగటికి పాత టెలివిజను నుంచుకొని, రాత్రికి ప్రొజెక్టరు కొందమని నిశ్చయించితిమి.

ఇందు మొదట తెలియవలసినది వెలుగు. దీనిని ల్యూమెనులలో కొలుతురు. ఒక గరిటెడు పిండితో చిన్న దోసె పోసిన మందముగా నుండును. అదే పిండిని పెనమంతయు పఱచిన పలుచనగును. వెలుగును నంతే. యంత్రమిచ్చు వెలుగు మాఱదు. తెర పెరిగినకొలది పలుచబడును. మూలనుండి మూలకు గల కొలతను రెండింతలు చేసినచో వైశాల్యము నాలుగింతలగును. వెలుగు నాలుగవ పాలగును. చీకటి గదిలో 100 అంగుళముల తెల్లని తెరకు నిజమైన 500 ల్యూమెనులున్నచో సినిమా హాళ్లకు నియమింపబడిన వెలుగునకు తీసిపోదు. గదిలో దీపములుండగా చూడవలెనన్న 2,000 మొదలు 3,000 వఱకు కావలెను. ఎండ పడు గదిలో గొప్ప యంత్రములును వెలవెలబోవును. ఏలన, ప్రొజెక్టరు తెల్లనిదానిని వేయగలదుగాని నల్లనిదానిని వేయజాలదు. వెలుగు పడని చోటే తెరపై నలుపు. గదిలోని చీకటియే నాయిక కురులలోని నలుపని తెలిసికొన్నచో సగము విద్య వచ్చినట్లే.

ల్యూమెనుల సంఖ్యలయందు మోసము కలదు. పెట్టెపై ‘ఏ.ఎన్.ఎస్.ఐ.’ ల్యూమెనులనియో, ‘ఐ.ఎస్.ఓ.’ ల్యూమెనులనియో వ్రాసియున్నచో అవి నియమము ప్రకారము తెరపై తొమ్మిది చోట్ల కొలిచి చెప్పినవని భావము. వట్టి ‘ల్యూమెనులు’ అని వేలకు వేలు వ్రాసియున్నచో దానికి పట్టు లేదు.

రెండవది చుక్కలు. ముగ్గు వేయు మనకు దీనిని విప్పి చెప్పనక్కఱలేదు. చుక్క లెక్కువైనకొలది ముగ్గు నాజూకుగా వచ్చును. ‘ఫుల్ హెచ్.డి.’ యన అడ్డముగ 1,920, నిలువుగ 1,080, వెరసి 20 లక్షలకు పైబడిన చుక్కలు. ‘4కె’ యన 3,840కి 2,160, అనగా దానికి నాలుగింతలు. కాని ‘4కె సపోర్టు’ అని వ్రాసినదెల్ల 4కె కాదు. పెద్ద ముగ్గు నిచ్చినచో దానిని కుదించి నాకున్న కొద్ది చుక్కలలో వేయగలనని యంత్రము చెప్పుకొను మాట యది. ‘నేటివ్ రిజల్యూషన్’ ఎంతయని యడిగిననే నిజము బయటపడును. పది అడుగుల దూరమునుండి 100 అంగుళముల తెరను చూచువారికి ఫుల్ హెచ్.డి. చాలును.

మేము పోయిన యొక దుకాణమున యజమాని యొక చిన్న పెట్టెను చూపి, ‘12,000 ల్యూమెనులమ్మా, 4కె, తొమ్మిది వేలకే’ అనెను. వెనుకనున్న చీకటి గదిలో ఆడించి చూపెను. బొమ్మ కంటికింపుగనే యుండెను. మేము దీపము వేయుమంటిమి. బొమ్మ మాయమయ్యెను. పెట్టెలోని కాగితమును తీసి చదువగా, నేటివ్ 1,280కి 720 అనియు, ఏ.ఎన్.ఎస్.ఐ. ల్యూమెనులు 250 అనియు చిన్న యక్షరములలో నుండెను. ‘ఆ కాగితము లెవరు చదువుదురమ్మా’ యని యాయన నవ్వెను. మేమును నవ్వి, నమస్కారము పెట్టి వెలుపలికి వచ్చితిమి. ఉప్పు, పప్పు కొనునపుడు పొట్లము తిప్పి తేదీ చూచు మనము, వేల రూపాయల వస్తువుపై వ్రాతను చదువుటకేల సంకోచింపవలెను?

మూడవది లోపలి దీపము. పాతరీతి యంత్రములలో పాదరసపు దీప ముండును. అది సుమారు 3,000 మొదలు 5,000 గంటలు పనిచేసి మసకబాఱును. క్రొత్తది వేయుటకు వేల రూపాయలగును. ఎల్.ఇ.డి., లేజరు దీపములు 20,000 గంటలవఱకు నుండునని చెప్పుదురు. దినమునకు రెండు గంటల లెక్కను మొదటిది నాలుగు మొదలు ఏడేండ్లవఱకు, రెండవది యిరువదేండ్లకు పైమాట. బొమ్మను చేయు పద్ధతులును వేఱు. ఒక పద్ధతిలో మూడు రంగులకు మూడు స్ఫటికపు పలకలుండును. ఇంకొక దానిలో వెండ్రుక మందముకంటెను చిన్నవైన లక్షల అద్దములు వెలుగు నటునిటు త్రిప్పును. దీనిని 1987లో అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థయందు లారీ హార్న్‌బెక్ అనువారు కనిపెట్టిరి. ఈ రెండవ పద్ధతిలో రంగులు వెంటవెంట వచ్చుటచే కొందఱి కండ్లకు ఇంద్రధనుస్సువలె చెదరి కనబడును. తల నొప్పియు వచ్చును. కావున చూచువారిని దుకాణమునకు తీసికొనిపోయి, కండ్లు వేగముగ నటునిటు త్రిప్పించి చూడవలెను. మా యత్తగారిని ఆటోలో తీసికొనిపోయి చూపితిమి. ఆమె కట్టి చిక్కు లేదని తేలినపిదపనే, 700 ఏ.ఎన్.ఎస్.ఐ. ల్యూమెనుల ఎల్.ఇ.డి. యంత్రమును, ఫుల్ హెచ్.డి. చుక్కలు గలదానిని, 58 వేలకు కొంటిమి.

ఇక గదిలో నమర్చుట. ప్రతి యంత్రమునకు ‘త్రో రేషియో’ యను నొక సంఖ్య యుండును. దూరమును బొమ్మ వెడల్పుచే భాగించిన వచ్చునది యది. మా యంత్రమునకు 1.2. నూఱంగుళముల తెర వెడల్పు 7 అడుగుల 3 అంగుళములు; కావున యంత్రము గోడకు సుమారు 8 అడుగుల 9 అంగుళముల దూరమున నుండవలెను. ఈ లెక్క కొనకముందే టేపు పట్టి చూచుకొనవలెను. గోడ మొదటనే పెట్టదగిన యంత్రములును కలవుగాని వాని వెల లక్షల మాట.

మా హాలు పొడవు 14 అడుగులు. నట్టనడుమ ఫ్యాను. పైకప్పునకు యంత్రమును వ్రేలాడగట్టుద మన్నచో ఫ్యాను రెక్కలు గోడకు అయిదడుగులనుండి తొమ్మిదడుగులవఱకు తిరుగుచున్నవి. యంత్రము సరిగా వానిక్రిందనే రావలెను. వేసవిలో ఫ్యాను లేక మన తెలుగుదేశమున సినిమా చూచుట యెట్లు? మూలకు ప్రక్కగ బెట్టినచో బొమ్మ చేటవలె ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నమగును. యంత్రము దానిని తనంతట దిద్దగలదుగాని, దిద్దునపుడు చుక్కలను కొన్నిటిని వదలివేయును. డబ్బిచ్చి కొన్న చుక్కలను పాఱవేసికొన్నట్లగును. తుదకు రెండడుగుల ఎత్తుగల బల్లపై, తెర నడిమికి సూటిగా, సోఫాకు ముందు నిలిపితిమి. ఈ యంత్రము బొమ్మను తన నోటికి పైభాగమున వేయునది గనుక తలలు అడ్డము రావు. కరెంటు తీగ వెనుక గోడనుండి సోఫా క్రిందుగా వచ్చును. కఱ్ఱ పట్టుకొని నడచు పెద్దల కాలికి తీగ తగులుట యెంత ప్రమాదమో వేఱుగ చెప్పవలెనా? ఆ దారిని ఎవరును నడువకుండ సోఫా వెనుక కుర్చీల వరుస వేసితిమి.

అన్నిటికంటె చిక్కైనది తెర. తెల్లని గోడయే చాలునని కొందఱందురు. కాని గోడపై సున్నపు పొలుసు, మేకు గుంట లన్నియు ముఖములపై మచ్చలై కనబడును. దుప్పటి కట్టిన ముడుతలు పడును. వెలుగు వెనుకకు పోవును. నునుపైన మాట్ రంగు వేసిన గోడ మేలు. నల్లని అంచుగల తెర యంతకంటె మేలు. మా హాలులో నంత వెడల్పుగల గోడ యొక్కటే. దానిపై మా మామగారి పటమున్నది. ఆయన పోయి పదునొకండేండ్లైనది. ఉదయము కాఫీ త్రాగకముందు అత్తగారా పటమునెదుట నిలిచి పూవు పెట్టుదురు. దానిని వేఱొక గోడకు మార్చుదమని పురుషులు తేలికగనే యనిరి. ఆ మాట నామెతో చెప్పుటకు మా యిద్దఱికిని నోరు రాలేదు. అందుచే స్థిరమైన తెర మాని, క్రిందికి లాగి, మఱల పైకి చుట్టుకొను తెరను కొని, దాని గొట్టమును గోడకు ఆఱంగుళముల ముందుకు పట్టీలతో బిగింపించితిమి. పటము పటముగనే యున్నది. తెర దానిముందు దిగును. ‘అత్తయ్యగారూ, సినిమా చూచునంతసేపు మామయ్యగారు కనబడరు, మీకు సమ్మతమేనా?’ అని యడిగితిమి. ఆమె కొంచెముసేపు చూచి, ‘తోలుబొమ్మలాటలో ఆడించువాడు తెర వెనుకనే గదమ్మా యుండును’ అనెను. ఆ తెర వెల ఆఱువేలు. మా ఖర్చులలో నింత సార్థకమైనది వేఱొకటి లేదు.

శబ్దమును గూర్చి నాలుగు మాటలు. యంత్రములోని స్పీకరు చిన్నది. బొమ్మ యెదుట, మాట ప్రక్కన వినబడును. పెద్దలకు మాటలు తేటగ వినబడుట ముఖ్యము. కాన తెరక్రింద నొక సౌండుబారు నుంచి, దాని తీగను తలుపులు లేని గోడవెంట నడిపితిమి. తీగ లేకుండ బ్లూటూతుతో కలిపినచో పెదవి యొకప్పుడు, మాట యొకప్పుడు కావచ్చును. దీనికి ఏడువేలు, బల్లకును తీగలకును రెండువేలు. వెరసి 73 వేలతో పని ముగిసినది.

మేము ముందు తలపని లాభ మొకటి కలిగినది. దానిని సోదరీమణులకు ప్రత్యేకముగ చెప్పవలెను. మా వంటింటి తలుపు హాలులోనికే తెఱచుకొనును. టెలివిజను కాలమున, అందఱు కూర్చుండి చూచుచుండగా మేము గుమ్మమున నిలువబడి, ఒక చెవి కుక్కరు కూతకును ఒక చెవి కథకును ఇచ్చి, సగము సగము చూచెడివారము. నడుమ ‘కాఫీ’ యని యొకరు, ‘మంచినీళ్లు’ అని యొకరు. ప్రొజెక్టరు వచ్చినపిదప, వంటింటి దీపము వెలిగినంతనే తెరపై బొమ్మ పాలిపోవుట మొదలిడినది. మొదటి రాత్రియే పిల్లలు ‘దీపమార్పుడు’ అని కేకలు వేసిరి. దీప మార్పిన వంట లేదు. వంట లేనిచో మేమును కూర్చుండవలసినదే. ఇపుడు మా యింట చిత్రము వేయుటకు ముందు భోజనములు ముగియవలెను, గిన్నెలు కడుగవలెను. త్వరగా బొమ్మ చూడవలెనన్న కోరికచే పిల్లలును, వారి తండ్రులును గిన్నెలు తుడుచుటకు వచ్చుచున్నారు. ఎన్ని యుపన్యాసము లిచ్చినను కాని పని యొక చీకటి గదివలన జరిగినది. పెండ్లియై పదునెనిమిదేండ్లకు మాలో పెద్దామె తన యింట నొక సినిమాను మొదటినుండి తుదివఱకు కూర్చుండి చూచినది.

శనివారము రాత్రి ఆటయని నియమము పెట్టుకొన్నాము. ఏ చిత్రమో యెన్నుకొను హక్కు వారము వారము ఒక్కొక్కరికి మాఱును. అత్తగారి వంతున 1957 నాటి ‘మాయాబజారు’ వేసితిమి. పాత చిత్రములు వెడల్పున తక్కువగనుండును. తెరకిరువైపుల నల్లని చోటు మిగులును. దానిని నింపుటకై బొమ్మను సాగదీయరాదు. సావిత్రిగారి ముఖము గుమ్మడికాయ యగును. ఆ నలుపు నట్లే యుండనీయవలెను. పెట్టె తెఱచి ప్రియదర్శినిలో శశిరేఖ చూచునపుడు, అత్తగారు, ‘ఎవరే ఆ వచ్చినది’ అని అడుగలేదు. ఎవరెవరో, ఎవరి తరువాత ఎవరు వత్తురో ఆమెయే మా పిల్లలకు చెప్పసాగెను. ఫోను లెక్కడ బెట్టిరో వారికి జ్ఞప్తిలేదు.

యంత్రసేవ కొంచెము కలదు. గాలి పోవు రంధ్రములకు ప్రక్కల నడుగు చోటు విడువవలెను. పైన అల్లిక గుడ్డ కప్పరాదు. జల్లెడ యున్నచో నెలకొకసారి దుమ్ము దులుపవలెను. కటకమును చీరచెఱగుతో తుడువరాదు; మెత్తని పొడిగుడ్డ ప్రత్యేకముగ నుంచుకొనవలెను. పాదరసపు దీపముగల యంత్రమైనచో లోపలి ఫ్యాను ఆగకముందే మీట తీయరాదు. పిల్లలు కటకములోనికి తొంగి చూడకుండ మొదటి దినముననే కట్టడి చేయవలెను, కంటికది హాని. వెలుగునకు పురుగులు, పురుగులకు బల్లులు వచ్చును. సంధ్యవేళనే కిటికీ తలుపులు మూసికొన్నచో భీమునితోపాటు బల్లి తెరపై నడువదు.

సోదరీమణులారా! అందఱింట నిట్టి యంత్ర ముండవలెనని మా తాత్పర్యము కాదు. పగటి వెలుగులో చూచువారికిది తగదు. గదికి చీకటి కుదురనివారికి తగదు. అప్పు చేసి కొనదగినది యంతకన్నను కాదు. కొందమనుకొన్నచో మాత్రము, ఎన్ని ల్యూమెనులని యడుగుటకుముందు, ఎవరు చూతురు, ఎక్కడ కూర్చుందురు, ఏ వేళ కూర్చుందురు, చూడలేక మిగిలిపోవువా రెవరు అని యడుగుడు. తక్కిన లెక్కలన్నియు వానివెంట వచ్చును. మా వంటింటి యలమరల కింకను తలుపులు లేవు. డబ్బాలపై పాతచీర కట్టియే యున్నది. ఆ లోటు మాకు కనబడుచునే యున్నది. మఱల నెలకింతయని కూడబెట్టుచున్నాము.